చైనా నౌకాదళమున ‘హార్బిన్’, ‘చింగ్‌డావ్’ : ఒక నౌకాయుగళపు చరిత్ర

ఉపోద్ఘాతము

2021వ సంవత్సరము నవంబరు 21వ తేదీన ముంబయి నౌకాశ్రయమున ‘విశాఖపట్టణం’ అను పేరుగల విధ్వంసక నౌక భారత నౌకాదళమున చేరినది. కామాటిపురపు ప్రాంతమున తెలుగు పాఠములు చెప్పుకొను మావంటి వారికి మజగాం నౌకానిర్మాణశాల ఎంతో దూరము కాదు. తెలుగునాటి నగరము పేరు ఆ నౌక నుదుట వెలుగుట చూచి మేమందరము సంతోషించితిమి. ఆ వారములో ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, “సార్, ఓడ పేరు మన విశాఖది. మరి దాని ఇంజను ఎవరిది?” అని అడిగెను. నేను వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని.

తరువాత విచారింపగా, ఆ నౌకను వేగముగా నడపు గ్యాసు టర్బైనులు ఉక్రెయిను దేశమందలి మికొలాయివ్ నగరమునకు చెందినవని తెలిసినది. ఆ కర్మాగారమునుండియే చైనా విధ్వంసక నౌకలకును టర్బైనులు చేరినవని కూడ తెలిసినది. అట్లు మొదలైన పరిశీలనకు ఫలితమే ఈ వ్యాసము. చైనా నౌకాదళమున ఆధునిక యుగమునకు ద్వారము తెరచిన నౌకలు రెండు. ఒకటి ‘హార్బిన్’, రెండవది ‘చింగ్‌డావ్’. వీని పుట్టుక, సేవ, సంతతి అను మూడింటిని పరిశీలించినచో, ఒక దేశము పరుల వస్తువును తెచ్చుకొనుటకును, పరుల విద్యను తనదిగా చేసికొనుటకును గల అంతరము విశదము కాగలదు.

విధ్వంసక నౌక యనగా ఏమో ఒక్క మాటలో చెప్పుట అవసరము. పందొమ్మిదవ శతాబ్ది చివర, టార్పీడోలు వేయు చిన్న పడవలను తరిమికొట్టుటకు ఇవి పుట్టినవి. ఆ పేరు నిలిచినది గాని పని మారినది. నేడు ఇవి పెద్ద నౌకలకును, సరకు ఓడల వరుసలకును తోడుగా నడచి, వాటిని విమానములనుండియు, జలాంతర్గాములనుండియు, శత్రునౌకలనుండియు కాపాడును.

పూర్వరంగము

చైనా ప్రజావిముక్తి సేన యొక్క నౌకాదళము 1949 ఏప్రిల్ 23న ఏర్పడినది. ఆనాడు దానికున్నవి ప్రత్యర్థుల వద్దనుండి చిక్కిన పాత ఓడలు, నదులలో తిరుగు తుపాకి పడవలు మాత్రమే. 1954, 1955 సంవత్సరములలో సోవియట్ దేశము వద్ద నాలుగు పాత విధ్వంసక నౌకలను కొనిరి. వానికి అన్‌షాన్, ఫుషున్, చాంగ్‌చున్, తైయువాన్ అని నగరముల పేర్లు పెట్టిరి. బౌద్ధాలయ ద్వారములయందు నిలుచు నలుగురు రక్షకదేవతల పేరిట చైనా నావికులు ఈ నాలుగింటిని ముద్దుగా పిలుచుకొనెడివారు. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు నమూనాకు చెందిన ఈ నౌకలే చాలకాలము ఆ దేశపు సముద్రబలమునకు ప్రధానాధారములైనవి. వానిలో అన్‌షాన్ నేడు చింగ్‌డావ్ నగరమందలి నౌకాదళ ప్రదర్శనశాలలో విశ్రమించుచున్నది.

1960లో సోవియట్ నిపుణులు చైనాను వీడి స్వదేశమునకు మరలిరి. ఇక మిగిలినది స్వయంకృషియే. సాంస్కృతిక విప్లవపు సంక్షోభము నడుమ దాలియన్ నౌకానిర్మాణశాలలో మొదటి స్వదేశీయ క్షిపణి విధ్వంసక నౌకను కట్టనారంభించిరి. ‘జీనాన్’ అను ఆ నౌక 1971 డిసెంబరులో సేవలో ప్రవేశించినది. 051వ నమూనాగా పేరొందిన ఈ తరగతిలో మొత్తము 17 నౌకలు వెలువడినవి. నీటియావిరితో నడచు టర్బైనులు వీనికి చోదకశక్తి. శత్రునౌకలపై వేయుటకు క్షిపణులుండెను గాని, ఆకాశమునుండి వచ్చు ఆపదను ఎదుర్కొనుటకు తొలినాళ్ళలో ఫిరంగులు తప్ప వేరు సాధనము లేకుండెను. 1985 నవంబరులో ఈ తరగతికి చెందిన ‘హెఫెయ్’ ఒక సరఫరా ఓడను తోడు గొని పాకిస్తాను, శ్రీలంక, బంగ్లాదేశములను దర్శించినది. చైనా నౌకాదళము చేసిన మొదటి విదేశీ స్నేహయాత్ర ఇదియే. అనగా, నౌకాదళము పుట్టిన 36 సంవత్సరములకు గాని దాని ఓడలు పరదేశపు రేవున అతిథులుగా లంగరు వేయలేదు.

ఇంతలో దక్షిణ అట్లాంటికు సముద్రమున జరిగిన ఒక ఘటన నౌకానిపుణులందరి కన్నులు తెరపించినది. 1982 మే 4న, ఫాక్లండు యుద్ధమున, విమానమునుండి వెడలిన ఒకే ఒక క్షిపణి తాకిడికి ‘షెఫీల్డ్’ అను బ్రిటిష్ విధ్వంసక నౌక దగ్ధమైనది. 20 మంది నావికులు మరణించిరి. కొలది దినములకు ఆ నౌక మునిగిపోయినది. బ్రిటనువంటి అనుభవజ్ఞుల నౌకకే ఈ గతి పట్టినప్పుడు, ఫిరంగులను మాత్రమే నమ్ముకొనిన నౌకల మాట చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరముననే ల్యూ హ్వాచింగ్ చైనా నౌకాదళమునకు సేనాని అయ్యెను. లెనిన్‌గ్రాడులోని నౌకావిద్యాపీఠమున చదివిన ఈతడు 1988 వరకు ఆ పదవిని నిర్వహించి, తీరమునకు అంటుకొని తిరుగు దళమును దూరసముద్రములకు మరల్పవలెనని పట్టుదలతో కృషిచేసెను. అతని కాలముననే 052వ నమూనాకు బీజము పడినది.

నిర్మాణము

ఈ నమూనాకు ప్రధాన రూపశిల్పి పాన్ జింగ్‌ఫూ. 1930లో జన్మించి, జజియాంగ్ విశ్వవిద్యాలయమున విద్యుచ్ఛాస్త్రము నభ్యసించిన ఈతడు 051వ నమూనా రూపకల్పనయందును పాల్గొనియుండెను. నౌకను కట్టుటయనగా ఉక్కు పెట్టెను చేసి అందు ఆయుధములను అమర్చుట కాదనియు, రాడారు, ఫిరంగి, క్షిపణి, సోనారు మొదలగువాని నన్నిటిని ఒకే నాడీమండలమునకు కూర్పవలెననియు ఈతని సిద్ధాంతము. పాత నౌకలలో ఒక్కొక్క ఆయుధము ఒక్కొక్క ద్వీపమువలె వేరువేరుగా నుండెడిది. కొత్త నౌకలో ఒకచోట కనిపించిన శత్రువు తక్షణమే అన్నిచోట్ల కనిపింపవలెను. చెప్పుటకు తేలికయే గాని, అది ఆనాడు చైనాకు అలవడిన విద్య కాదు.

కావున విదేశములను ఆశ్రయింపక తప్పలేదు. 1980 దశకమున చైనాకు పాశ్చాత్యదేశములతో సఖ్యత పెరిగియుండెను. నౌకను వేగముగా నడపు గ్యాసు టర్బైనులు అమెరికానుండి వచ్చినవి. నెమ్మదిగా దూరయాత్ర చేయునప్పటి డీజిలు యంత్రములు జర్మనీవారి నమూనాకు చెందినవి. విమానములను కూల్చు క్షిపణికి ఫ్రాన్సువారి క్రొటాల్ మూలము. హెలికాప్టరుకును ఫ్రాన్సు నమూనాయే ఆధారము. ఆ హెలికాప్టరులను అనుజ్ఞాపత్రముపై తయారుచేసినది హార్బిన్ నగరమందలి కర్మాగారమే యగుట విశేషము. చూచువారికి ఇది అతుకుల బొంతవలె తోచవచ్చును. కాని చలిరాత్రి బొంత విలువ తెలిసినవారు, అతుకులను విడిపోకుండ కుట్టుటయు ఒక విద్యయేనని ఒప్పుకొందురు. ఇన్ని దేశముల పరికరములను, ఇన్ని కొలతల మరలను, ఇన్ని రకముల విద్యుత్ సంకేతములను ఒక్క నౌకలో ఒద్దికగా నడపుటయే పాన్ బృందము గడించిన అసలైన అనుభవము.

ఈ రెండు నౌకలును షాంఘై నగరమున నిర్మింపబడినవి. ‘హార్బిన్’ 1991లో జలప్రవేశము చేసి 1994లో సేవలో చేరినది. దాని సంఖ్య 112. ‘చింగ్‌డావ్’ 1993లో జలప్రవేశము చేసి 1996లో సేవలో చేరినది. దాని సంఖ్య 113. నిండుబరువు సుమారు 4,800 టన్నులు. పొడవు 140 మీటర్లకు పైబడినది. వేగము గంటకు 30 సముద్రపు మైళ్ళకు పైచిలుకు. నావికులు సుమారు 260 మంది. రెండు హెలికాప్టరులకు చోటు కలదు. వీని చోదనవిధానమును కొంత వివరింపవలెను. సాధారణముగ నౌక డీజిలు యంత్రములతో మెల్లగా, పొదుపుగా పయనించును. వెంటాడుటకో తప్పించుకొనుటకో వేగము కావలసినప్పుడు డీజిలును విడిచి గ్యాసు టర్బైనును అందుకొనును. విమానయంత్రమునకు దాయాదియగు ఈ టర్బైను కొద్ది నిమిషములలో పూర్తిశక్తి నీయగలదు. ఆవిరి నౌకలోనైనచో నీరు మరగువరకు వేచియుండవలెను.

తెగిన సరఫరా

1989 జూన్ మాసమున బీజింగ్‌లోని తియానన్‌మెన్ కూడలిలో విద్యార్థుల ఉద్యమమును సైన్యముతో అణచివేసిరి. పిమ్మట అమెరికాయు, ఐరోపా దేశములును చైనాకు ఆయుధములు, యుద్ధసామగ్రి అమ్మరాదని ఆంక్షలు విధించినవి. అంతకు ముందు చేరిన అమెరికా టర్బైనులు రెండు నౌకలకు మాత్రమే సరిపోయినవి. మూడవ నౌకకు యంత్రము లేదు. ఆ నమూనా అంతటితో ఆగిపోయినది. వంశము విస్తరింపవలసిన నౌకలు కవలలుగా మిగిలినవి. “అరువు సొమ్ములు బరువు చేటు” అని మన పెద్దలన్న మాటకు ఇంతకన్న నిదర్శనము అరుదు.

దాని తరువాత వచ్చిన నౌకయే ఇందుకు సాక్ష్యము. ‘షెన్‌జెన్’ అను ఆ నౌక 1999లో సేవలో చేరినది. ఆకారమున ‘హార్బిన్’ కంటె పెద్దది, కొత్తది. కాని గ్యాసు టర్బైను లభింపక, మరల ఆవిరి టర్బైనులనే ఆశ్రయింపవలసి వచ్చినది. ఓడ ముందునకు సాగినను యంత్రము వెనుకకు నడచినది.

సేవ

కవలలైనను ఈ నౌకలు అలంకారమునకు నిలిచినవి కావు. 1997లో ‘హార్బిన్’, ‘జుహాయ్’ అను మరియొక విధ్వంసక నౌకతోను, ఒక సరఫరా ఓడతోను పసిఫిక్ మహాసముద్రమును దాటి, హవాయి మీదుగా అమెరికాలోని శాన్ డియాగో రేవును చేరినది. అచటినుండి మెక్సికో, పెరూ, చిలీ దేశములకు పోయినది. చైనా యుద్ధనౌకలు అమెరికా ప్రధానభూభాగమును చేరుట అదియే మొదటిసారి. అమెరికా టర్బైనులు మోసికొనిపోయిన చైనా నౌకకు అమెరికా రేవున స్వాగతము లభించుట చరిత్రలోని చమత్కారములలో ఒకటి. 2001లో ‘హార్బిన్’ మన ముంబయి రేవునకును వచ్చి పోయినది.

‘చింగ్‌డావ్’ యొక్క ఘనకార్యము 2002 నాటిది. ఆ సంవత్సరము మే 15న ‘తైచాంగ్’ అను సరఫరా ఓడతో బయలుదేరి, సూయెజ్, పనామా కాలువల గుండ భూమిని చుట్టి, సెప్టెంబరు 23న స్వదేశము చేరినది. 132 దినములు, 33,000 సముద్రపు మైళ్ళకు మించిన దూరము, సింగపూరు మొదలు ఈజిప్టు, టర్కీ, ఉక్రెయిను, గ్రీసు, పోర్చుగల్, బ్రెజిలు, ఎక్వడారు, పెరూల మీదుగా ఫ్రెంచి పాలినీషియా వరకు పది దేశముల రేవులు. చైనా నౌకాదళము చేసిన మొదటి భూప్రదక్షిణము ఇది.

కాని ఆ యాత్రలోనే ఒక లోపము బయల్పడినది. దిగుమతియైన జర్మనీ నమూనా డీజిలు యంత్రములు మార్గమధ్యమున మొరాయించినవి. నావికులు ఎంత యత్నించినను బాగుచేయలేకపోయిరి. యంత్రము చేసిన కర్మాగారపు నిపుణులను పిలిపింపక తప్పలేదు. చుట్టును సముద్రము, పైన స్వదేశపు జెండా, క్రింద పరుల యంత్రము. నా దృష్టిలో ఈ నౌకల చరిత్రకంతటికి కీలకము ఈ ఘట్టమే. యంత్రమును డబ్బిచ్చి కొనవచ్చును, నడపుట కొలది మాసములలో నేర్వవచ్చును. అది చెడినప్పుడు ఎందుకు చెడినదో తెలిసికొను విద్య మాత్రము కొనుగోలు పట్టీలో దొరకదు.

2006లో ‘చింగ్‌డావ్’ మరల పసిఫిక్ దాటి పెరల్ హార్బరునకును శాన్ డియాగోకును పోయి, అమెరికా నౌకాదళముతో కలిసి సముద్రమున ఆపన్నులను వెదకి రక్షించు అభ్యాసములలో పాల్గొన్నది. 2011 ప్రాంతమున ఈ రెండు నౌకలకును పునరుద్ధరణ జరిగి, ఫిరంగులు, ఇతర పరికరములు మార్పబడినవి.

సోమాలియా తీరపు దొంగల బాధ పెరిగినప్పుడు చైనా 2008 డిసెంబరు 26న తన మొదటి రక్షకదళమును ఏడెన్ సింధుశాఖకు పంపినది. అటుపిమ్మట దళము వెంట దళము పోవుచుండెను. 2012లో పోయిన పదునొకండవ దళమున ‘చింగ్‌డావ్’, 2013లో పోయిన పదునాలుగవ దళమున ‘హార్బిన్’ కలవు. ఆ జలములలో మన భారత నౌకలు 2008 అక్టోబరు నుండియే కాపలా కాచుచుండెను. 2012 నుండి భారత, చైనా, జపాను దేశములు తమ రక్షణయాత్రల కాలపట్టికలను ఒండొంటితో సరిపోల్చుకొని నడపనారంభించినవి. భూమిపై సరిహద్దు తగవులున్న దేశములు సముద్రముపై బాటసారుల రక్షణకు వంతులు వేసికొనుట గమనింపదగినది.

సంతతి

కవల నౌకల అనుభవమునుండి చైనా రెండు మార్గములు త్రొక్కినది. మొదటిది, తక్షణావసరమునకు కొనుగోలు. 1996లో తైవాను సమీపమున అమెరికా విమానవాహక నౌకలు కనిపించిన తరువాత, రష్యానుండి రెండు పెద్ద విధ్వంసక నౌకలను, పిదప మరి రెండింటిని కొనిరి. రెండవది, దీర్ఘకాలికమైన అభ్యాసము. సోవియట్ దేశము విచ్ఛిన్నమైన పిమ్మట మికొలాయివ్ కర్మాగారము పనిలేక దిక్కులు చూచుచుండెను. చైనా ఆ టర్బైనులను కొనుటతో తృప్తిపడక, వానిని తయారుచేయు పద్ధతిని కూడ అడిగి తీసికొని, క్రమముగా స్వదేశమున నిర్మింపనేర్చినది. ఆ కృషిలో పాల్గొనిన పరిశోధనాసంస్థలలో ఒకటి హార్బిన్ నగరముననే కలదు. ఆ విద్య చేతికందుటకు సంవత్సరములు పట్టినది.

ఫలితము పిదప కనిపించినది. 2004లో ‘లాన్‌జో’ సేవలో చేరినది. దాని వంతెనకు నాలుగు వైపుల అమర్చిన చదునైన రాడారు ఫలకములు, తిరుగకయే అన్ని దిక్కులను చూడగలవు. 2014లో ‘కున్‌మింగ్’ వచ్చినది. దానియందు క్షిపణులు నిలువుగా నిలుపు గూళ్ళు 64. 2017 జూన్ 28న షాంఘైలో జలప్రవేశము చేసి 2020 జనవరి 12న సేవలో చేరిన ‘నాన్‌చాంగ్’ పొడవు 180 మీటర్లు, క్షిపణిగూళ్ళు 112, బరువు 12,000 టన్నులకు పైమాట. ‘హార్బిన్’ కంటె రెండింతలకు మించిన బరువు. నాలుగు గ్యాసు టర్బైనులు దానిని నడపును. అవి మికొలాయివ్ నమూనానుండి పుట్టి చైనాలో తయారైనవి.

ఈ పెరుగుదలను పొగడుటతో చరిత్రకారుని పని తీరదు. 2018 సెప్టెంబరు 30న దక్షిణ చైనా సముద్రమున ‘లాన్‌జో’, ‘డెకేటర్’ అను అమెరికా నౌకకు సుమారు 45 గజముల దగ్గరకు వచ్చినది. అమెరికా నౌక ప్రక్కకు తప్పుకొనినందున ఢీకొనుట తప్పినది. ఆ సముద్రమున చైనా హక్కుల వాదమును 2016లో అంతర్జాతీయ న్యాయమండలి త్రోసిపుచ్చినను చైనా ఆ తీర్పును అంగీకరింపలేదు. ఫిలిప్పీన్సు, వియత్నాము బెస్తలకు ఈ నౌకలు రక్షకదేవతలుగా కనిపించవు. దొంగలనుండి సరకు ఓడలను కాచిన ఉక్కే పొరుగువానిని బెదరించుటకును పనికివచ్చును. విద్య సంపాదించుట ఒక యెత్తు. దానిని వినయముతో వినియోగించుట మరియొక యెత్తు.

మనకు తగులు మాట

మన నౌకలకును చైనా నౌకలకును పరిచయము కొత్తది కాదు. 2003 నవంబరులో షాంఘై చెంత జరిగిన మొదటి భారత–చైనా నౌకాభ్యాసమున ‘రంజిత్’ అను మన విధ్వంసక నౌక పాల్గొన్నది. అది మికొలాయివ్‌లో పుట్టిన నౌక. 2019 మే మాసమున విశాఖపట్టణముననే సేవనుండి విరమించినది. 2016 ఫిబ్రవరిలో విశాఖతీరమున జరిగిన అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు సుమారు 50 దేశముల ప్రతినిధులు రాగా, చైనాయు రెండు ఫ్రిగేటులను పంపెను. వాని పేర్లు ‘ల్యూజో’, ‘సాన్‌యా’. అవియును నగరముల పేర్లే. నగరముల పేర్లను నౌకలకు పెట్టి, ఆ నగరవాసుల అభిమానమును సముద్రము మీదికి పంపుట మనకును వారికిని సమానమైన ఆచారము.

‘విశాఖపట్టణం’ నౌక రూపకల్పన మన నౌకాదళ శిల్పులది. ఉక్కు మన దేశపుది. కట్టిన చేతులు మజగాం కార్మికులవి. టర్బైనులు మాత్రము మికొలాయివ్‌వి. 2022 ఫిబ్రవరినుండి ఆ నగరము యుద్ధాగ్ని పాలైనది. 1989లో సరఫరా తెగినప్పుడు చైనాకు కలిగిన చింత మనకు పరాయిది కాదని ఇందుచేత గ్రహింపవలెను.

ముగింపు

ఆ బాలుని ప్రశ్నకు నేను కొన్ని దినముల తరువాత సమాధానము చెప్పితిని. “ఇంజను ఉక్రెయినువారిది. చైనావారి ఓడలకు కూడ ఒకప్పుడు అక్కడిదే. వారు దానిని విప్పి, చూచి, నేర్చి, తమ చేతులతో చేయుటకు చాల ఏండ్లు శ్రమపడిరి” అంటిని. “అయితే మనము కూడ చేయవచ్చునా సార్?” అని వాడు మరల అడిగెను. “చేయవచ్చును. కాని ముందు అది చెడినప్పుడు బాగుచేయుట నేర్వవలెను” అంటిని.

‘హార్బిన్’, ‘చింగ్‌డావ్’ నౌకలు యుద్ధములలో గెలిచి కీర్తి గడించినవి కావు. వాని తరువాతి నౌకలు వానికంటె పెద్దవి, బలమైనవి. అయినను తమ దేశమునకు తన కొరతను చూపిన గౌరవము ఈ రెండింటికే చెల్లును. మార్గమధ్యమున ఆగిన ఆ డీజిలు యంత్రము నేర్పిన పాఠము ఏ పాఠశాలలోనైనను చెప్పదగినది. మజగాం రేవునుండి విశాఖ రేవువరకు మన పిల్లలలో ఎవరైనను ఒకనాడు ఆ పాఠము నేర్చి, మన ఊరి పేరుగల నౌకకు మన చేతి యంత్రమును అమర్చగలిగినచో, అంతకన్న కావలసినదేమి?